కౌశికుని సత్యము

మహాభారతమున కర్ణపర్వమందు కౌశికుడను తపస్వి కథ యొకటి కలదు. అతడు ఊరికి అనతిదూరమున, నదుల సంగమము చెంత నివసించుచు, ఎన్నడును అసత్యమాడరాదను వ్రతమును పూనినవాడు. సత్యవాది యని లోకమున పేరు పొందినవాడు. ఒకనాడు కొందరు జనులు దొంగల భయముచే పరుగెత్తి వచ్చి, అతడున్న చోటికి దాపుననే అడవిలో దాగిరి. వారి వెన్నంటి వచ్చిన దొంగలు కౌశికుని సత్యనిష్ఠ నెరిగినవారగుటచే, వారెటు పోయిరని అతనినే అడిగిరి. కౌశికుడు సంకోచింపలేదు. చెట్లును తీగలును పొదలును దట్టముగా నున్న ఆ వనమును చూపెను. దొంగలు వారిని వెదకి పట్టుకొని చంపిరి. కౌశికుడు పలికినదానిలో అక్షరమైనను అబద్ధము లేదు. ఐనను అతడు ఘోర నరకమునకు పోయెనని కృష్ణుడు అర్జునునకు చెప్పెను.

ఈ కథను మొదటిసారి విన్నవారికి ఆ శిక్ష కఠినముగా తోచును. కౌశికుడు ఎవనిని చంపలేదు, ధనము నాశింపలేదు, దొంగలతో పొత్తు కలుపలేదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్లు చెప్పెను. కాని కృష్ణుని బోధ స్పష్టము. మౌనముచే ప్రాణములు నిలుచునెడల మౌనము వహింపవలెను; మాటాడక తప్పనియెడల, అట్టిచోట సత్యము కంటె అసత్యమే మేలు. అడుగువాడెవడో, ఏల అడుగుచున్నాడో విచారింపక పలుకుటయే కౌశికుని దోషము. తన వ్రతమునకు భంగము కలుగకుండుట అతనికి ముఖ్యమయ్యెను. అడవిలోనివారి ప్రాణములు ఆ వ్రతమునకు వెల యయ్యెను.

పశ్చిమ దేశములందును ఈ ప్రశ్న వేరొక రూపమున పుట్టెను. 18వ శతాబ్దాంతమున ఫ్రాన్సులో బెంజమిన్ కాన్‌స్టాంట్ అను రచయిత, సత్యము పలుకుట ధర్మమే యైనను, ఆ సత్యమును పొందు హక్కు కలవాని యెడలనే అది ధర్మమగునని వాదించెను. 1797లో జర్మన్ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ ఆ వాదమును ఖండించుచు ఒక వ్యాసము వ్రాసెను. హంతకుడు తలుపు తట్టి, తాను చంపదలచినవాడు లోపల దాగియున్నాడా యని అడిగినను, ఇంటివాడు అబద్ధమాడరాదని కాంట్ నిర్ణయము. ఈ వివాదమున కర్ణపర్వము కాన్‌స్టాంట్ పక్షమున నిలుచును. కాని ఇరుపక్షములవారును ఒక విషయమును చర్చ లేకయే అంగీకరించిరి. చెప్పువాడు మనుష్యుడు. అతడు అడుగువాని ముఖము చూడగలడు, చేతిలోని కత్తిని చూడగలడు, ఒక క్షణము ఆగి ఆలోచింపగలడు. అడిగినవారందరికిని, రాత్రింబవళ్లు, ఎవనిని ఎక్కడ వెదకవలెనో చెప్పు యంత్ర మొకటి పుట్టునని వారిలో నెవరును ఊహింపలేదు. నేడు అట్టి యంత్రము లక్షలమంది జేబులలో నున్నది. దాని ధర్మాధర్మములను విచారించుటకు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ వంటి చోటు తగినది.

లక్ష్మీ నగర్ యమునానదికి తూర్పు దరినున్న పేట. ఐటీఓ కూడలి నుండి వికాస్ మార్గ్ మీదుగా వంతెన దాటినచో త్వరలోనే అచ్చటికి చేరవచ్చును. 2010 జనవరిలో మెట్రో రైలు ఈ పేట మీదుగా ఆనంద్ విహార్ వరకు నడువనారంభించెను. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు ఇచ్చట పెక్కు కలవు. కావున దేశపు నలుమూలల నుండి వచ్చిన విద్యార్థులును, చిరుద్యోగులును, కూలి పనివారును ఇచ్చటి ఇరుకు గదులలో అద్దెకుందురు. గోడకు గోడ తగులు ఇండ్లు; ఇంటిపై ఇల్లు వలె పెరిగిన అంతస్తులు. 2010 నవంబరు 15వ తేది రాత్రి ఇచ్చటనే లలితా పార్క్ అను భాగమున అద్దెవారితో క్రిక్కిరిసిన ఒక మేడ కూలి అరువదిమందికి పైగా మరణించిరి. ఒకే కప్పు క్రింద ఎందరు జీవించుచుండిరో ఆ రాత్రి లోకమునకు తెలియవచ్చెను.

ఇట్టి పేటలో ఒక తెలుగు యువకుని ఊహింపవచ్చును. కోస్తా జిల్లాలలోని ఒక చిన్న పట్టణము నుండి చదువునకై వచ్చినవాడు. పీజీ గదిలో మరి ఇద్దరితో కలిసి యుండును. అతని అనురాగము పురుషులయందే యని అతనికి పదునాలుగవ ఏటనే తెలియును. ఆ సంగతి అతడు ఎవరితోను అనలేదు. అమ్మతో అనుటకు మాట లేదు, అన్నతో అనుటకు ధైర్యము లేదు. ఒక రాత్రి గదిలోనివారు నిద్రించిన పిదప, అతడు దుప్పటిలో ఫోను వెలిగించి, గే, బైసెక్సువల్ పురుషులకై యేర్పడిన యాప్ నొకదానిని తెరచును. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైన గ్రైండర్ 2009 మార్చిలో అమెరికాలో వెలువడెను. దాని పద్ధతి సులభము. ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతములను బట్టి ఫోను తానున్న చోటును లెక్కించును. యాప్ ఆ లెక్కను దూరమున నున్న కంప్యూటరునకు పంపును. దానిని వాడుచున్న ఇతరుల బొమ్మలు, అందరికంటె దగ్గరివాడు మొదట నుండునట్లు, వరుసగా తెర మీద నిలుచును. ఒక్కొక్క బొమ్మ నొక్కినచో, ఇతడు నలువది మీటర్ల దూరమున, ఇతడు నూట పది మీటర్ల దూరమున అని అంకె కానవచ్చును.

ఆ యువకునకు ఆ రాత్రి కలుగు ఊరటను తేలికగా చూడరాదు. లోకమున తానొక్కడే యిట్లున్నాననుకొన్నవాడు, తన వీధిలోనే ఇరువదిమంది కలరని తెలిసికొనును. కొందరు ముఖములు చూపింతురు. పెక్కుమంది మెడ వరకే చూపింతురు, లేదా ఒక పువ్వునో, కొండనో, ఖాళీ నలుపునో పెట్టుదురు. ఐనను వారు కలరు. ఆ యంత్రము అంతస్తులను లెక్కింపదు. మూడు మీటర్ల దూరమున నున్నట్లు కానవచ్చువాడు పై గదిలో నుండి, ప్రతిదినము మెట్ల మీద ఎదురగువాడే కావచ్చును. గోడలకు చెవులుండునని భయపడినవానికి, గోడ కవతల తనవంటి హృదయమొకటి యున్నదని ఆ యంత్రమే మొదట చెప్పెను.

ఇట్టి కలయికకై పూర్వము వారు పడిన పాట్లు గుర్తుంచుకొనదగినవి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను, పరస్పర సమ్మతితో కలిసిన పురుషులను సైతము నేరస్థులనుగా చేసెను. ఫోనులు లేని దినములలో కనాట్ ప్లేసులోని సెంట్రల్ పార్క్ వంటి తోటలే వారు ఒకరినొకరు గుర్తించు చోటులు. అచ్చట పోలీసులు వారిని పట్టుకొనుటయు కలదు. 1992 ఆగస్టు 11వ తేదిన ఎయిడ్స్ భేదభావ్ విరోధీ ఆందోళన్ అను సంఘమువారు, అట్టి నిర్బంధములను నిరసించుచు, అప్పుడు ఐటీఓ వద్ద నుండిన ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయము నెదుట నిలిచిరి. స్వలింగానురాగుల హక్కులకై ఈ దేశమున జరిగిన తొలి బహిరంగ ప్రదర్శనలలో అది యొకటి. లక్ష్మీ నగర్ నుండి ఆ చోటికి నది యొక్కటే అడ్డము. తోటలో నిలుచువాడు పోలీసు లాఠీకిని, అటు వచ్చిన ప్రతివాని చూపునకును లోబడియుండెడివాడు. ఫోనులో నిలుచువాడు తన గదిని విడువనక్కర లేదు. కావున ఈ యంత్రమును కేవలము దూషించువారు, ఆ తోటలను ఎరుగనివారే యగుదురు.

ఐనను ఆ యంత్రము పలుకు సత్యము కౌశికుని సత్యము వంటిది. అది అడుగువాని ముఖము చూడదు. ప్రేమ కోరి అడుగువానికిని, దోచుకొనుటకు అడుగువానికిని అదే అంకెను చెప్పును. ఆ అంకె ఒక్కటి చాలా యన్నచో, రేఖాగణితము చదివిన బాలుడైనను సమాధానము చెప్పగలడు. ఒక మనుష్యుడు ఒక చోట నుండి చూచి, వెదకబడువాడు రెండువందల మీటర్ల దూరమున ఉన్నాడని తెలిసికొనును. తాను నిలిచిన చోటును కేంద్రముగా అంత వ్యాసార్ధముతో వృత్తమొకటి గీయును. మరి రెండు చోటుల నుండి అట్లే చేయును. మూడు వృత్తములును ఒక్క బిందువున కలిసికొనును. ఆ బిందువు ఒకని ఇల్లు. 2014లో పరిశోధకులు ఈ లోపమును బయటపెట్టిరి. దూరపు అంకెను దాచినను, దగ్గరి దూరముల వరుసను బట్టియే చోటును పసిగట్టవచ్చునని 2016లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించిరి. ఈజిప్టులో పోలీసులు ఈ యాప్ సహాయముతో పురుషులను వెదకుచున్నారను వార్తలు వచ్చిన పిమ్మట, 2014లో ఆ సంస్థ అచ్చటను, మరికొన్ని దేశములందును, దూరము చూపుటను నిలిపివేసెను. దీనివలన ఒక సంగతి తేటపడుచున్నది. ఈ కౌశికునకు మౌనము తెలియును; ఎచ్చట మౌనము వహింపవలెనో నిర్ణయించుట దాని యజమానుల చేతిలో నున్నది.

అడుగువాడు ఎల్లప్పుడును కత్తి పట్టినవాడు కానక్కర లేదు. 2016 ఆగస్టులో రియో నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగుచుండగా, ఒక వార్తాసంస్థకు చెందిన విలేకరి, తాను స్వలింగానురాగి కాకపోయినను, ఇట్టి యాప్‌లను తెరచి క్రీడాకారుల నివాసములలో ఎవరెవరు కానవచ్చుచున్నారో చూచి, ఆనవాలు పట్టదగిన వివరములతో వ్యాసము ప్రకటించెను. వారిలో కొందరు, ఇట్టి అనురాగమునకు చెరసాల విధించు దేశముల నుండి వచ్చినవారు. నిరసనలు చెలరేగగా ఆ సంస్థ వ్యాసమును తొలగించి క్షమాపణ చెప్పెను. విలేకరి వ్రాసినది అబద్ధమని ఎవరును అనలేదు. దానిని వ్రాయు హక్కు అతనికి లేదనియే లోకము నిందించెను. కాన్‌స్టాంట్ వాదమును ఎన్నడును చదువని సామాన్యులు సైతము ఆనాడు అతని తీర్పునే చెప్పిరి.

కర్ణపర్వములోని కౌశికుడు తన మాటకు మూల్యము తీసికొనలేదు. ఈ విషయమున నేటి యంత్రము అతనికంటె ఒక మెట్టు దిగియున్నది. ఆ యాప్ తన సభ్యులు తెలిపిన హెచ్‌ఐవీ వివరములను రెండు ఇతర సంస్థలకు పంపుచుండెనని 2018 ఏప్రిలులో బయటపడెను. నిరసన వచ్చిన పిమ్మట దానిని మానెదమని ప్రకటించెను. సరియైన అనుమతి లేకయే సభ్యుల సమాచారమును ప్రకటనదారులకు అందజేసినందుకు, 2021 డిసెంబరులో నార్వే దేశపు సమాచార రక్షణ సంస్థ దానికి 6 కోట్ల 50 లక్షల క్రోనర్ల జరిమానా విధించెను. ఆ సంవత్సరము జూలైలోనే, అమెరికాలో కాథలిక్ బిషప్పుల సభకు ప్రధాన కార్యదర్శిగా నున్న మతాచార్యుడొకడు పదవిని విడువవలసి వచ్చెను. ఒక పత్రిక అంగడిలో దొరకు ఫోను స్థల వివరములను బట్టి అతని సంచారములను పరిశీలించి ప్రకటింప సిద్ధపడుటయే కారణము. ఒకడు ఏకాంతమున తన ఫోనుతో చెప్పుకొన్నది అంగడి సరకైనపుడు, అది ఎవని చేతికి చేరునో చెప్పినవానికి తెలియదు, అమ్మినవానికిని తెలియదు.

భారతదేశమున ఈ సమాచారమును కాపాడు చట్టము 2023 ఆగస్టులో వెలువడెను. అంతకు ముందు 2019లో పార్లమెంటునకు వచ్చిన బిల్లు, ఒకని లైంగిక అనురాగమును సున్నితమైన సమాచారముగా వేరుపరచి ప్రత్యేక రక్షణ కల్పింపదలచెను. 2023 చట్టమున ఆ విభజన లేదు. పాలు తెప్పించుకొనుటకు ఇచ్చిన చిరునామాయు, హృదయము విప్పుటకు ఇచ్చిన చిరునామాయు దాని దృష్టిలో ఒక్కటియే. రెండును రక్షింపదగినవే, కాని ఒకటి బయటపడినచో కలుగు నష్టము వేరు, మరియొకటి బయటపడినచో కలుగు నష్టము వేరు.

ఆ నష్టమెట్టిదో ఢిల్లీ పరిసరములలో పలుమారులు కానవచ్చెను. యాప్‌లో స్నేహము నటించి, ఒకని నొంటరిగా పిలిపించి, కొట్టి, నగ్నముగా చిత్రించి, సొమ్మిమ్ము, లేకున్న మీ యింటివారికి పంపెదమని బెదిరించు ముఠాలను గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్, ఢిల్లీ పోలీసులు వేర్వేరు సమయములలో పట్టుకొనిరి. ఫిర్యాదు చేయక సొమ్మిచ్చి ఊరకున్నవారిని లెక్కించువారు లేరు. ఇచ్చట ఆగి ఒక ప్రశ్న వేయవలెను. ఆ బెదిరించువాని ఆయుధమేది? కత్తి యైనచో గాయము మానిన పిదప భయము తగ్గును. వాని ఆయుధము ఒక వాక్యము: 'మీవారికి చెప్పెదము.' ఆ వాక్యమునకు పదును పెట్టినది ముఠావాడు కాడు. ఆ సంగతి తెలిసినచో గది ఖాళీ చేయుమను ఇంటి యజమానియు, వెలి వేయు బంధువులును, నవ్వు తోటివిద్యార్థులును దానికి పదును పెట్టిరి. దొంగ వారి చేతి పనిముట్టునే యెరువు తెచ్చుకొని వాడుచున్నాడు.

ఈ కారణముచేతనే చట్టము మారినను భయము మారలేదు. 377వ సెక్షను సమ్మతితో కలిసిన పెద్దలకు వర్తింపరాదని ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2వ తేదిన తీర్పు చెప్పెను. ఆ తీర్పు అమలులో నుండగనే, 2010 ఫిబ్రవరిలో, అలీగఢ్‌లో మరాఠీ ఆచార్యుడైన రామచంద్ర సిరాస్ ఇంటిలోనికి ఇద్దరు కెమెరాతో చొరబడి, అతడు మరియొక పురుషునితో నుండగా చిత్రించిరి. విశ్వవిద్యాలయము చొరబడినవారిని గాక ఆచార్యునే దోషిగా నెంచి, అతనిని పదవి నుండి తాత్కాలికముగా తొలగించెను. ఏప్రిలు 1వ తేదిన అలహాబాదు హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను; ఆ వారమే, ఏప్రిలు 7వ తేదిన, అతడు తన గదిలో మృతుడై కానవచ్చెను. చట్టము అతని పక్షమున నుండెను, న్యాయస్థానము అతని పక్షమున నుండెను. చుట్టునున్న ఊరు అతని పక్షమున లేకుండెను. అటుపిమ్మట సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11వ తేదిన ఢిల్లీ తీర్పును కొట్టివేసి, 2018 సెప్టెంబరు 6వ తేదిన నవతేజ్ సింగ్ జోహార్ వ్యాజ్యములో తిరిగి ఆ స్వేచ్ఛను స్థాపించెను. 2024 జూలై 1వ తేదిన క్రొత్త న్యాయ సంహిత అమలులోనికి వచ్చుటతో ఆ సెక్షను పేరు సైతము స్మృతి నుండి తొలగిపోయెను. కాని లక్ష్మీ నగర్‌లో అద్దెగది వెదకువాడు నేటికిని ఆ సంగతిని దాచియే వెదకును.

ఇచ్చట కొందరొక ఆక్షేపణ తెత్తురు. తప్పు చేయనివాడు దాచుకొన నేల? దాచినచో తప్పున్నట్లే కదా? ఈ ఆక్షేపణ పైకి ఋజువుగా కానవచ్చును. కాని అడవిలో దాగిన జనులు ఏ తప్పును చేయలేదు. వారు దాగుటకు కారణము వారియందు లేదు, దొంగలయందున్నది. 2017 ఆగస్టు 24వ తేదిన పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిరి. లైంగిక అనురాగము గోప్యతలో ముఖ్యభాగమని ఆ తీర్పులో చెప్పబడెను. అద్దె పుచ్చుకొను యజమానికి అద్దె సకాలమున పొందు హక్కు కలదు, గది చెడకుండ చూచుకొను హక్కు కలదు. అద్దెకున్నవాని హృదయము ఎవనియందున్నదో తెలిసికొను హక్కు అతనికి లేదు. అట్టివానికి సత్యము చెప్పకుండుట వంచన కాదు. అది తలుపు మూసికొనుట వంటిది.

ఇంతవరకు చెప్పినది దాగినవాని పక్షమున నున్నది. కాని వ్యాసము ఇచ్చటనే ముగిసినచో సగము సత్యమే చెప్పినట్లగును. హక్కు లేనివానికి సత్యము చెప్పనక్కర లేదన్న న్యాయము, హక్కు కలవానికి చెప్పితీరవలెనను న్యాయమును తనతో తెచ్చుకొనును. దాగుట వేరు, వంచించుట వేరు. దాగువాడు తన తలుపు మూసికొనును. వంచించువాడు మరియొకని త్రోవ త్రిప్పును. తెర మీద ముఖము చూపనివాడు దాగినవాడు. మరియొకని ముఖమును తన ముఖముగా చూపినవాడు వంచకుడు. కలియ వచ్చువానికి ఇంటి పేరు చెప్పకుండుట జాగ్రత్త. తన ఆరోగ్యమును గూర్చి అబద్ధము చెప్పుట, గదిలో ఒంటరిగా నుంటినని నమ్మించి ఇతరులను దాచియుంచుట, క్షణికమైన కోరికతో వచ్చి జీవితకాలపు స్నేహమును పలుకుట — ఇవి ఆ వచ్చువాని ధైర్యమును దొంగిలించుట. అతడును అడవిలో దాగినవాడే. దాగినవారు ఒకరి నొకరు వంచించుకొన్నచో దొంగల పని సులభమగును.

అందరికంటె కఠినమైన సందర్భము భార్యది. తెర మీద ముఖము చూపనివారిలో వివాహితులును కలరు. తల్లిదండ్రులు సంబంధము చూచిరి, పెళ్లిచూపులు జరిగినవి, కాదనుటకు కారణము చెప్పలేక అతడు తల వంచెను. ఆమె ఏ సంగతియు నెరుగక ఇల్లు విడిచి వచ్చెను. పదేండ్లు గడచినను తనయందు లోపమేమో యని తన్ను తానే ప్రశ్నించుకొనుచున్నది. ఆమె దొంగ కాదు. తలుపు తట్టిన హంతకురాలు కాదు. చాటున నిలిచి వినిన పొరుగుది కాదు. తన జీవితమునే అతని మాట మీద నిలిపినది. సత్యమునకు హక్కు కలవారు ఈ లోకమున ఎవరైన నున్నచో, ఆమెయే ముందు. కౌశికుడు తన వ్రతమును కాపాడుకొనుటకు ఇతరుల ప్రాణములను వెలగా నిచ్చెను. ఈ భర్త తన భద్రతను కాపాడుకొనుటకు ఆమె సంవత్సరములను వెలగా నిచ్చుచున్నాడు. వెల కట్టువారు ఇరుచోటులను ఇతరులే.

అతనిని బలవంతపెట్టినవారికి ఆ దోషములో భాగము లేదా యన్నచో, కలదు. పెండ్లి చేసినచో అన్నియు సర్దుకొనునని పలుకు పెద్దలు, కొడుకు సంగతిని సగమెరిగియు సంబంధము కుదుర్చువారు, తమ పరువునకు ఒక పరాయి పిల్లను మూల్యముగా చెల్లించుచున్నారు. కాని భయము దోషమును తగ్గించునే గాని ఋణమును కొట్టివేయదు. కృష్ణుడు చెప్పిన క్రమము ఇచ్చట దారి చూపును. అతడు మొదట అసత్యమును చెప్పుమనలేదు. మొదట మౌనము వహింపుమనెను. వివాహమునకు ముందు ఆ మౌనమునకు చోటున్నది. పెండ్లి యాడనని పలుకుటకు కారణము చెప్పనక్కర లేదు. ఇంట నిష్ఠూరములు వచ్చును, కన్నీళ్లు వచ్చును, అవి కష్టమే. ఐనను ఆ కష్టమును తానే భరించుటకును, మరియొకతె తలపై మోపుటకును నడుమ నున్న భేదమే ధర్మము. వివాహమైన పిదప ఆ చోటు మూసికొనిపోవును. అప్పుడు ఎప్పుడు చెప్పవలెను, ఎట్లు చెప్పవలెననునది అతని వివేకమునకు వదలవచ్చును. ఎన్నటికిని చెప్పననునది వివేకము కాదు. ఆమె ఆరోగ్యము సైతము ఆ మాట మీద నాధారపడినపుడు జాప్యము చేయుటకును హక్కు లేదు.

ఈ విచారణ వలన మూడు ధర్మములు తేలుచున్నవి. యంత్రమును నడుపువారికి మౌనము తొలి ధర్మము. అడిగినవానికెల్ల మీటర్ల లెక్క చెప్పుట అవసరము కాదు. ఈ పేటలో కలడని చెప్పినను స్నేహము కుదురును. సభ్యుడు కోరినప్పుడే అంకె కానవచ్చునట్లును, తక్కిన వేళల యంత్రము ఊరకుండునట్లును చేయుట వారికి అసాధ్యము కాదని ఈజిప్టు విషయమున వారే చూపిరి. దాగినవానికి, తనను ఆశ్రయించినవారి యెడల సత్యము ధర్మము. ఇరుగుపొరుగువారికి, అడుగకుండుటయు, తెలిసినను కత్తిగా మార్చకుండుటయు ధర్మము. ఈ మూడింటిలో మొదటిదానిని చట్టము కొంతవరకు విధింపగలదు. రెండవదానిని చట్టము విధింపలేదు. మూడవది నెరవేరినచో మొదటి రెండును చాలవరకు తేలికయగును. ఏలయన భయము లేనిచోట ముఖము దాచువారు తగ్గుదురు, భయముచే పెండ్లాడువారును తగ్గుదురు.

2023 అక్టోబరు 17వ తేదిన సుప్రీంకోర్టు సుప్రియో వ్యాజ్యమున, స్వలింగ జంటలకు వివాహమాడు హక్కు రాజ్యాంగమున లేదనియు, దానిని కల్పించు పని చట్టసభలదనియు తీర్పు చెప్పెను. కావున ఇద్దరు పురుషుల అనురాగమునకు బహిరంగమున నిలుచుటకు నేటికిని ఒక పేరు లేదు, ఒక రూపము లేదు. ఆ యువకుడు ఫోనులో చూచిన నలువది మీటర్లవాడు మరునాడు మెట్ల మీద ఎదురైనను, ఇద్దరును తల వంచుకొని ప్రక్కకు తొలగుదురు. యంత్రము దూరమును కొలిచెను. ఆ దూరమును దాటుట వారికి నేర్పువారు లేరు.

కౌశికుని కథలో ఒక సంగతి సాధారణముగా ఎవరి దృష్టికిని రాదు. అతని నివాసము ఊరికి అనతిదూరముననే యున్నదని కథ చెప్పుచున్నది. దొంగలు తరుముచుండగా ఆ జనులు ఇండ్లును మనుష్యులునున్న ఆ ఊరిలోనికి పరుగెత్తక, మృగములున్న అడవిలోనికి పరుగెత్తిరి. తలుపు తట్టినచో తీయువా రుందురని వారు నమ్మలేదు కాబోలు. నరకమునకు పోయినవాడు కౌశికుడొక్కడే యని కథ చెప్పినది; ఆ ఊరివారి సంగతి చెప్పలేదు.